ఇంకొక యేబది యడుగులు



మన బెళుగుప్ప ప్రాంతమున భూమి క్రింద నేమున్నదో యెరుగని యిల్లాలు లేదు. పైన కొంత ఎఱ్ఱమన్ను, దాని క్రింద మొరము, మొరము క్రింద గుండ్లు, గుండ్ల క్రింద బండ. బోరుబండి చేనిలో నిలిచిన దినమున మగవారు యంత్రము చెంత నుందురు. ఆడువారు కొంచెము దూరమున చెట్టునీడ నిలిచి, బొక్కనుండి లేచు పొడిని చూచుచుందురు. మూడువందల అడుగులలో నీరు పడునని పాయింటు చూచినవాడు చెప్పియుండును. మూడువందలును దాటును, నాలుగువందలును దాటును, పొడి మాత్రము పొడిగానే యుండును. అప్పుడు బండివాడు, "ఇంకొక యేబది యడుగులు చూతమమ్మా, రాయి మారుచున్నది" అనును. ఆ యేబది యడుగులకు సొమ్ము ఎక్కడనుండి వచ్చునో అతడు చెప్పడు. చెవికమ్మలు గల యామెకు మాత్రము అడుగకయే తెలియును.

బెంగుళూరి భూగర్భ రైలునుగూర్చి యీ నెల వ్రాయబూనినప్పుడు నాకు తోచిన మొదటి పోలిక యిదియే. వానలు తప్పిన యేట మన పల్లెలనుండి పయనము బెంగుళూరికే. రాత్రి బస్సెక్కినవారు తెల్లవారుసరికి ఆ నగరమున దిగుదురు. మగవారు కట్టడపు పనులకు, ఆడువారు బట్టలు కుట్టు కార్ఖానాలకు, ఇండ్లలో పాచిపనులకు కుదురుదురు; చదువుకొన్న పిల్లలు కంప్యూటరు కచేరీలలో చేరుదురు. అందుచేత ఆ పట్టణమున ఒక రైలు ఆలస్యమైనదన్నచో, అది పరాయి రాష్ట్రపు వార్తయని మనము పత్రిక త్రిప్పివేయుటకు వీలులేదు. ఆ యాలస్యములో కొంత భాగము మన కోడండ్రును, కూతుండ్రును మోయుచున్నారు.

ముందు జరిగిన కథ చెప్పెదను. బెంగుళూరి మెట్రో రైలునకు 2006 జూన్ 24న ప్రధానమంత్రి మన్మోహన్ సింగుగారు శంకుస్థాపన చేసిరి. బైయప్పనహళ్ళినుండి మహాత్మాగాంధి రోడ్డు వరకు మొదటి ముక్క 2011 అక్టోబరు 20న తెరవబడెను. అది యంతయు స్తంభములమీద పోవుదారి. భూమి క్రింది దారిలో జనులు మొదట ప్రయాణించినది 2016 ఏప్రిలు చివరను; కబ్బన్ పార్కునుండి నగర రైల్వే స్టేషను వరకు అయిదు స్టేషనులు గల యా ముక్కయే దక్షిణదేశమున మొదటి భూగర్భ మెట్రో. చిక్కపేట, కృష్ణరాజ మార్కెట్టుల క్రింది దారితో మొదటి ఘట్టము 2017 జూన్ నెలలో ముగిసెను. నలుబదిరెండు కిలోమీటర్ల మార్గమునకు పదునొకండు సంవత్సరములు. శంకుస్థాపననాడు పుట్టిన బిడ్డ మొదటి ఘట్టము ముగియునాటికి ఆరవ తరగతి చదువుచుండెను.

ఇక రెండవ ఘట్టము. దీనికి కేంద్రప్రభుత్వము 2014 ఫిబ్రవరిలో అనుమతి యొసగెను. అంచనా 26,405 కోట్ల రూపాయలు. అది యటుపిమ్మట నలుబదివేల కోట్లను మీరినది. ఇందులోనిదే దక్షిణమున కాళేన అగ్రహారమునుండి ఉత్తరమున నాగవార వరకు పోవు గులాబిరంగు మార్గము. ఇరువదియొక్క కిలోమీటర్లకు పైబడిన యీ దారిలో దాదాపు పదునాలుగు కిలోమీటర్లు, పండ్రెండు స్టేషనులు భూమి క్రిందనే. ఇది 2020 నాటికి సిద్ధమగునని మొదట చెప్పిరి. పిదప 2024 అనిరి, 2025 అనిరి, 2026 అనిరి. 2025వ సంవత్సరము ముగియువరకు ఆ మార్గమున ఒక్క ప్రయాణికురాలైనను టిక్కెట్టు కొని యెక్కలేదు.

ఇప్పుడు నేను అడుగబోవు ప్రశ్న యేమనగా, ఈ సంవత్సరములన్నియు ఎచ్చట పోయినవి? రాతిలోనా, కాగితములోనా?

ఇంజనీరులు రాతిని చూపుదురు. వారి మాటలో సత్యము లేకపోలేదు. బెంగుళూరి క్రింది బండ మన యనంతపురపు బండకు చుట్టమే. వందల కోట్ల సంవత్సరముల నాటి గట్టి రాయి. బండ యంతయు ఒక్కతీరున నున్నచో యంత్రమునకు బాధ లేదు. అక్కడ పైసగము మెత్తని మన్ను, క్రిందిసగము గట్టి బండ, నడుమ గుండ్లు. ఇరువది యడుగులకు మించిన వెడల్పుగల కోతచక్రము అట్టి నేలలో తిరుగుట యెట్లుండునో తెలియవలెనన్న, ఇసుర్రాతిలో బియ్యముతోబాటు గులకరాళ్ళు పడినప్పుడు ఏమగునో తలచుకొనుడు. మెత్తనిది ముందుగా రాలిపోవును, గట్టిది పండ్లను అరగదీయును. గట్టిరాతిలో అది దినమునకు కొలది మీటర్లు మాత్రమే పోగలదు. పోయినంత మేర వెనుకనే సిమెంటు పలకలతో చుట్టును వలయములు కట్టుచు రావలెను. మొదటి ఘట్టమున గోదావరి యను యంత్రము చిక్కపేట ప్రక్కన, కోతచక్రము చెడి, నెలలకొద్ది కదలక కూర్చుండెను.

గోదావరి యనగానే మనవారికి నవ్వు వచ్చును. నీరు తెచ్చు తల్లిపేరు రాయి తొలుచు యంత్రమునకు పెట్టిరి. దాని తోడివి కృష్ణ, కావేరి, హెలెన్, మార్గరీటా. గులాబి మార్గమున పనిచేసిన తొమ్మిదింటిలో ఊర్జ, వింధ్య, అవని, తుంగ, భద్ర మొదలగునవి కలవు. సొరంగము త్రవ్వు యంత్రములకు ఆడుపేర్లు పెట్టుట లోకమంతటను ఉన్న యాచారము. ఐరోపాలో సొరంగపు పనివాండ్రకు బార్బరా యను పుణ్యస్త్రీ రక్షకురాలని నమ్మిక. బరువుపని యంత్రముపేరు ఆడుది, శంకుస్థాపన శిలాఫలకము మీది పేరు మగది. ఇది నడుమ నొక మాట, విడిచెదను.

ఇప్పుడు లెక్క చూడుడు. ఊర్జ మొదలుగా యంత్రములు గులాబి మార్గమున భూమిలోనికి దిగినది 2020లో. కడపటి యంత్రమైన భద్ర నాగవారయొద్ద బయటికి వచ్చినది 2024 అక్టోబరు 30న. అనగా మహామారి రోజులతో గూడ కలిపి, రాతిని తొలుచుటకు పట్టినది నాలుగేండ్లు. అనుమతి వచ్చిన 2014నుండి మొదటి యంత్రము దిగిన 2020 వరకు ఆరేండ్లు! ఆ యారేండ్లలో బండ యెవరిని అడ్డగింపలేదు. సర్వేలు, భూసేకరణములు, అప్పుల ఒప్పందములు జరిగినవి. కంట్రాక్టరులను పిలిచినప్పుడు వారడిగిన ధర అంచనాకన్న మిక్కిలి హెచ్చుగా నుండుటచే 2018లో పిలుపులు రద్దుచేసి మరల పిలువవలసివచ్చెను. రాతి యాలస్యము కన్న కాగితపు టాలస్యమే పెద్దదని యీ లెక్కయే చెప్పుచున్నది.

రాయి క్షమింపదగినది. కాగితము పనియంతయు ముగియకమునుపే, నేల చేతికి రాకమునుపే, కంట్రాక్టరు కుదురకమునుపే "2020" అని తేది చెప్పినవారిని నేను అంత సులభముగా క్షమింపజాలను. ఏలయన, ఆ తేదినిబట్టి ఇండ్లలో సంసారములు నిర్ణయింపబడుచున్నవి.

ఒక యుదాహరణము చెప్పుదును. టానరీ రోడ్డు ప్రాంతమున కాపురము పెట్టదలచిన యొక జంట ననుకొనుడు. భర్త పని నగరపు దక్షిణభాగమున, భార్య పని శివాజీనగరమున. స్టేషను వచ్చుచున్నదని యింటియజమాని బాడుగ హెచ్చు చెప్పును. రెండేండ్లలో రైలు వచ్చునుగదా, బస్సు ఖర్చు, కాలము మిగులునుగదా యని వారొప్పుకొందురు. బిడ్డను ఆ దగ్గరి బడిలో చేర్పింతురు. రెండేండ్లు పోవును, రైలు రాదు. ఇల్లు మారుదమన్న బడి సంవత్సరము నడుమ నున్నది. ఇంక నొక యేడాదియేగదా యని ఉందురు. మరల ఒక యేడాది. హెచ్చు బాడుగ నెలనెల కట్టుచు, రైలు లేక, బస్సులో నిలుచుండి, ఆమె తెల్లవారుఝామున నాలుగింటికి లేచి వంటచేసి పోవును. ఆలస్యమునకు కంట్రాక్టరుకు జరిమానా యున్నది, ప్రభుత్వమునకు అంచనా సవరణ యున్నది. ఆమె నిద్రకు సవరణ లేదు. "ఇంకొక ఆరునెలలు" అను ప్రతి ప్రకటనయు ఆ యింట "ఇంకొక యేబది యడుగులు" అన్నమాటవలెనే వినబడును. ఇప్పటివరకు పెట్టినది వ్యర్థమగునేమో యను భయముతో మరికొంత పెట్టుదురు.

బెంగుళూరి ప్రజలు ఊరక యున్నారనుకొనవలదు. కంటోన్మెంటు స్టేషనుగూర్చి జరిగిన వివాదము వినదగినది. భూగర్భ స్టేషను కంటోన్మెంటు రైల్వే స్టేషను చెంతనే యుండునని మొదటి పథకము. 2017 ప్రాంతమున దానిని బాంబూ బజారు వైపునకు జరపిరి. ఖర్చు తగ్గుననియు పని త్వరగా నగుననియు చెప్పిరి. పౌరసంఘములవారు గట్టిగా ఎదిరించిరి. పెద్దరైలు దిగినవారు చిన్నరైలు ఎక్కుటకు వీధిలోనికి వచ్చి నడిచిపోవలెనా యని వారి ప్రశ్న. మాట నెగ్గలేదు. ఒక చేత సంచి, ఒక చంక బిడ్డ, తలమీద బియ్యపుమూట పెట్టుకొని రైలు దిగు మనబోటి యాడుదానిని ఆ పటము గీచువేళ ఎవరైనను తలచుకొనిరో లేదో! నగర పటముమీద అంగుళములో పదవవంతు, ఎండలో నడచునప్పుడు పదవవంతుగా నుండదు. ఆ మార్పు వలన పని త్వరగా నగునన్నమాట యేమైనదో పైన వ్రాసిన సంవత్సరములే చెప్పుచున్నవి.

కామరాజ్ రోడ్డు సంగతియు నట్టిదే. మహాత్మాగాంధి రోడ్డు భూగర్భ స్టేషను కొరకు దానిని 2019లో మూసిరి. ఒక ప్రక్క తిరిగి తెరచుట 2024లో. అయిదేండ్లపాటు ఆ దారిని పోవువారు చుట్టు తిరిగిరి.

భూమి క్రింది పని యింటిలోనికే వచ్చుటయు గలదు. 2021లో టానరీ రోడ్డు ప్రక్క నొక యింటిలో, పూర్వమెప్పుడో పూడ్చిన పాతబావి, సొరంగపు యంత్రము క్రిందుగా పోవువేళ క్రుంగి, గదిలోని నేల గొయ్యిపడెను. మనకిది వింతగా తోచదు. ఎండిన బావిని మన్నుకొట్టి పూడ్చి, మీద గచ్చువేసినంతమాత్రమున బావి పోదని పల్లెటూరి ముసలమ్మలు చెప్పుచునే యుందురు. అట్టి బావులు ఎక్కడెక్కడ నున్నవో ఆ యిండ్లలోని పెద్దముత్తయిదువలను ముందుగా అడిగినచో సర్వే యంత్రములకు దొరకని సమాచారము దొరకునని నా నమ్మిక. 2023 జనవరిలో బ్రిగేడు రోడ్డుమీద కూడ దారి క్రుంగి గొయ్యి యేర్పడెను.

కలకత్తాలో జరిగినది ఇంతకన్న ఘోరము. 2019 ఆగస్టు 31న బౌబజారు క్రింద యంత్రము నీటి ఊటను తాకగా, మీది పాతయిండ్లు బీటలు వారి, కొన్ని కూలిపోయెను. కుటుంబములు కట్టుబట్టలతో వీధిని పడెను. ప్రాణములు దక్కినవి, పెట్టెలలోని పెండ్లిచీరలు, దేవుని పటములు, దస్తావేజులు ఇంటిలోనే యుండిపోయినవి. ఆ మార్గము పూర్తిగా తెరవబడుట 2025 ఆగస్టు 22న. అది త్వరపడరాని చోటు. కాబట్టి త్వరగా త్రవ్వుడని కేకలు వేయుట నా యభిప్రాయము కాదు. మెల్లగా త్రవ్వుడు, తేది మాత్రము నిజము చెప్పుడు.

కలకత్తావారు ఈ నిరీక్షణలో మనకందరికిని పెద్దలు. మనదేశమున మొదటి భూగర్భ రైలునకు 1972 డిసెంబరు 29న అక్కడ ఇందిరాగాంధిగారు పునాదిరాయి వేయగా, మొదటి బండి నడచినది 1984 అక్టోబరు 24న. డండమునుండి టాలీగంజి వరకు దారి పూర్తియైనది 1995లో. నడివీధిని చీల్చి, త్రవ్వి, మూయు పద్ధతి నాటిది; ఏండ్ల తరబడి వీధులు గోతులుగా నుండెను. లండను నగరమున లోకములోని మొదటి భూగర్భ రైలు 1863లో నడచెను. అంత యనుభవము గలవారును ఎలిజబెతు మార్గమును 2018 డిసెంబరులో తెరతుమని చెప్పి, 2022 మే నెలలో తెరచిరి. ఈ మాట చెప్పి మనవారిని వెనుకవేసుకొని రాదలచలేదు. ఢిల్లీలో శ్రీధరన్‌గారి యాధ్వర్యమున మొదటి ఘట్టము 2005లో, గడువుకంటె ముందుగనే ముగిసినది. అక్కడను భూమి క్రింది దారి యున్నది, పాతబస్తీ యున్నది, చాందినీ చౌకు వంటి యిరుకు యున్నది. ఆలస్యము నొసటి వ్రాతయే యైనచో ఢిల్లీవారి నొసట బ్రహ్మ వ్రాయుట మరచెనా?

తెలంగాణ రాజధాని హైదరాబాదున భూగర్భ దారియే లేదు. సుల్తాన్ బజారు వర్తకులు తమ యంగళ్ళు కూలకుండ రైలును భూమి క్రిందుగా పోనిండని చాలకాలము మొరపెట్టుకొనిరి. ఖర్చు హెచ్చని స్తంభములమీదనే వేసిరి. అక్కడ 2017 నవంబరు 28న మొదటి రైలు నడచినది. పాతబస్తీకి పోవలసిన ముక్క మాత్రము మొదటి పథకములో నుండియు కట్టబడలేదు. 2020 ఫిబ్రవరిలో జూబిలీ బస్సు స్టేషను దారి తెరచినప్పుడు రైలు మహాత్మాగాంధి బస్సు స్టేషనుతో ఆగిపోయెను. చార్మినారు చుట్టుప్రక్కల గాజులు అమ్ము, బట్టలమీద జరీపని చేయు స్త్రీలకు ఆ రైలు కనుచూపుమేరలో నిలిచిపోయినది.

రైలు వచ్చిన తరువాతి కష్టమొకటి గలదు. బెంగుళూరిలో 2025 ఫిబ్రవరిలో టిక్కెట్టు ధర పెంచిరి. అత్యధిక ధర అరువది రూపాయలనుండి తొంబది రూపాయలకు పోయెను. కర్ణాటకమున 2023 జూన్‌నుండి ప్రభుత్వపు సాధారణ బస్సులలో ఆ రాష్ట్రపు స్త్రీలకు టిక్కెట్టు ధర లేదు. మగవాడు మెట్రోలో గంటలో ఇల్లు చేరగా, ఆడుది ఉచితపు బస్సులో రెండుగంటలు నిలుచుండి చేరును. ఆ నిలుచున్న గంటను ఎవరును కూలిలో కలుపరు.

ఇదంతయు నగరపు గొడవయని మన ప్రాంతపువారు తప్పించుకొనుటకును లేదు. రాయదుర్గమునుండి కల్యాణదుర్గము మీదుగా తుముకూరునకు పోవలసిన రైలుదారి 2007-08లో మంజూరైనది. దానికి సొరంగపు యంత్రము అక్కరలేదు, నగరమును చీల్చ నక్కరలేదు. ఐనను 2025 నాటికిని ఆ దారి తుముకూరు చేరలేదు. అది పూర్తియైనచో మన పిల్లలు రాత్రిబస్సులో కూర్చుండి నడుములు విరుగగొట్టుకొన నక్కరలేదు. మన మండలములోని జీడిపల్లి జలాశయమునకు కృష్ణనీరు వచ్చునన్న మాట వినుచు ఎన్ని తరముల స్త్రీలు కుండ మోసిరో మీకు వేరుగ చెప్పనేల? నీరు వచ్చినది. వచ్చునన్ననాటికిని వచ్చిననాటికిని నడుమ ఎండిన చీనీతోటలను మాత్రము ఆ నీరు చిగిర్పింపజాలదు.

బెంగుళూరిలో బిడ్డలున్న తల్లులకు, అత్తలకు ఉపయోగపడునట్టి సంగతి యొకటి చెప్పి విరమించెదను. రైలుగూర్చి వార్త వచ్చినప్పుడు ఏది దగ్గరి మాటయో, ఏది దూరపు మాటయో గుర్తించుట కష్టము కాదు. "సొరంగము ముగిసినది" అన్న వార్త చాల దూరపుది. ఆ పిమ్మట పట్టాలు పరచవలెను, కరెంటు తీయవలెను, గాలి యాడుటకును, నిప్పు లేచినచో జనులు బయటపడుటకును ఏర్పాట్లు చేయవలెను, సిగ్నలులు పెట్టవలెను. పట్టాలు పరచినంతమాత్రమునను చాలదు. రాష్ట్రీయ విద్యాలయ రోడ్డునుండి బొమ్మసంద్రకు పోవు పసుపు మార్గమున దారి సిద్ధమైయుండియు, పెట్టెలు చేసియిచ్చు చైనా కంపెనీ పని సాగకపోవుటచే, పెండ్లిపందిరి వేసి పెండ్లికొడుకు కొరకు చూచినట్లు ఏండ్లు చూడవలసి వచ్చెను. తుదకు మూడే బండ్లతో మొదలుపెట్టిరి; బండికిని బండికిని నడుమ ఇరువదియైదు నిమిషములు.

కాబట్టి బండ్లు వచ్చినవా యని అడుగుడు. ఖాళీబండ్లు నడిపి చూచుచున్నారా యని అడుగుడు. అన్నిటికన్న ముఖ్యముగా, మెట్రోరైలు రక్షణ కమిషనరు తనిఖీ చేసినాడా యని అడుగుడు. ఆయన చూచి సరియని వ్రాసియీయనిదే ఏ మంత్రియు జనులను ఎక్కింపజాలడు. పసుపు మార్గమున ఆ తనిఖీ 2025 జూలైలో జరిగినది. ఆగస్టు 10న రైలు నడచినది. ఆ తనిఖీ వార్త పత్రికలో కనబడువరకు స్టేషను పేరు చెప్పి యెవరైనను బాడుగ హెచ్చు అడిగినచో, ఆ హెచ్చు రైలు వచ్చిన నెలనుండి యిత్తుమని ఒప్పందపు కాగితములో వ్రాయించుకొనుడని పిల్లలకు చెప్పుడు.